అత్త అడిగితే ‘ఔ’ అనకు

పాపకు జ్వరం తగ్గలేదు, లక్డీకాపూల్ డాక్టరు దగ్గరకు తీసుకుపోతున్నాను. నువ్వు అన్నం తిని నాంపల్లి దవాఖానకు, మీ అమ్మ దగ్గరకు పో. టీవీ పక్కన అత్త కళ్లద్దాలు, చెవి మిషను పెట్టాను. మిషను సెల్లు అయిపోయింది, దారిలో అబిడ్స్‌లో కొత్తది వేయించు. వార్డులో ఎవరైనా ఎత్తుకుపోతారని మనమే ఇంటికి తెచ్చాం కదా, అవి లేకనే ఇంకా గాబరా పడుతోందట. పిచ్చి కాదట. ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు ఇట్లా అవుతుందట, మెల్లగా తగ్గుతుందట. ఎక్కడున్నదో, ఇయ్యాల ఏ వారమో మాటిమాటికి చెప్పమన్నారు డాక్టరమ్మ.

పొద్దున నన్ను “మీ మామ వచ్చిండా?” అని అడిగింది. చనిపోయాడని మళ్లీ ఎట్లా చెప్పను? “ఔ, వస్తుండు” అన్నాను. అప్పటినుంచి ముద్ద ముట్టలేదు. “ఆయన తినకుంట నేనెట్ల తింట” అంటోంది. అబద్ధం చెప్పొద్దన్నారు డాక్టరమ్మ, వాదించొద్దని కూడా అన్నారు. మరి ఏం చెప్పాలో అడగడానికి నాకు సిగ్గయింది.

“నువ్వెవరి బిడ్డవు?” అని కూడా అడిగింది నన్ను.

రజని

గడ్డం గీసుకొని పో, అచ్చం మామలాగే కనిపిస్తున్నావు. లేకుంటే అట్లనే పో, నిన్ను చూసి రెండు ముద్దలన్నా తింటుందేమో. నాకేం సమజ్ కావట్లేదు.