వీరాంజనేయులు మనవడు

లలితకు,

ఐర్లాండులో, ఈ ట్రాలీ ఊళ్ళో నేను ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నాను. నువ్వూ పసివాడూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. ఫోనులో అయితే మీ నాన్న పక్కనే ఉంటారు. అందుకే రాస్తున్నాను.

వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. బారసాలకు మీ నాన్న చెప్పిన ‘డిలన్’ పేరే ఖాయం చేద్దామా అని అడిగావు. వద్దు.

మొన్న ఫోనులో మీ నాన్న ఏమన్నారో నీకు తెలుసా? “అల్లుడూ, వీరాంజనేయులు అని పెడితే ఆ దేశంలో వాడికి పనెవడిస్తాడయ్యా? రైల్వే స్టేషను పేరులా ఉంది.” పోయిన మా నాన్న పేరు ఆయనకు స్టేషను పేరు.

లైబ్రరీలో కూర్చుని నా అంతట నేనే చదివాను. డిలన్ అసలు ఐర్లాండు పేరే కాదు, వేల్స్ వాళ్ళది. సముద్రానికి సంబంధించిందట. మనవాడికెందుకది? ఇక్కడి ఇంటిపేర్లలో ‘మాక్’ అంటే కొడుకు, ‘ఓ’ అంటే మనవడు. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో చాలామంది వాటిని కోసేసుకున్నారు. తరవాత కొందరు మళ్ళీ తగిలించుకున్నారు. ఎప్పటి తాతనో ఇంటిపేరులో మోసే ఈ మనుషులే నా పేరు చూసి దరఖాస్తు పక్కన పడేశారు.

అవును, దరఖాస్తు. నీకు చెప్పలేదు. మాంద్యం పేరు చెప్పి వేసవిలోనే నన్ను ఫ్యాక్టరీ నుంచి తీసేశారు. కళాధర్ అని రాసినంతకాలం ఒక్కడూ పిలవలేదు. ఒళ్ళు మండి, వేల్స్ పేరే ఇంకోటి, ‘ఓవెన్’ అని రాసి పంపాను. వెంటనే రమ్మన్నారు. పాస్‌పోర్టు చూసి సూపర్‌వైజరు నవ్వాడు. “ఓవెన్ అనే పిలుస్తాంలే. గ్రాండ్.” ఇక్కడ ‘గ్రాండ్’ అంటే ‘సరే, బాగుంది’ అని.

చేరాను. మొదటిరోజే వెనకనుంచి ఎవడో “ఓవెన్” అని కేకేశాడు. నేను తిరిగి చూశాను, లలితా. క్షణం కూడా తడుముకోలేదు. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

ఉద్యోగం మానను. అద్దె కట్టాలి, మిమ్మల్ని తెచ్చుకోవాలి. కానీ మనవాడు అలా తిరిగి చూడకూడదు. మీ నాన్న అలిగితే అలగనీ, పీటల దగ్గరికి రాకపోతే రాకపోనీ. నేను రాయాల్సిన పేరు, నేను లేను కనక నువ్వే రాయి. బియ్యంలో వీరాంజనేయులు అని, ఒక్క అక్షరం తగ్గకుండా. పట్టదంటే పెద్ద పళ్ళెం తెచ్చుకోండి.

ఇట్లు,
వాడి నాన్న
కళాధర్