ఎవరి దుడ్డు వాళ్ల ఖాతాలో

బ్యాంకువాళ్లు ఆపేసిన నా ఖాతా మళ్లీ తెరిచారు తల్లీ, మీ నాన్న దొంగ కాదని తేలిపోయింది.

చిరంజీవి సరస్వతికి నాన్న దీవెనలు. నువ్వు, అల్లుడుగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి. నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. ఫోన్లో చెబుదామంటే ఇంత సంగతి ఇమడదు, అందుకే రాస్తున్నాను.

నెలన్నరగా పడిన విసుగు అంతా ఇంతా కాదు. ఇక్కడ జిగణిలో మా కట్టుబడి పని సంగతి నీకు తెలిసిందే. మనవైపు నుంచి వచ్చిన తొమ్మిదిమందికి నేను మేస్త్రిని. వాళ్లలో చాలామందికి ఖాతాలు లేవు. కాంట్రాక్టరు అందరి కూలీ నా ఖాతాలో వేస్తాడు, శనివారం నేను తీసి పంచుతాను. మేస్త్రి అన్నాక అదీ నా పనే అనుకున్నాను.

ఆ అలవాటుతోనే చంద్ర అడిగితే సరే అన్నాను. మా సుబ్బమ్మక్క కొడుకే కదా. "మామా, నాకు రావాల్సిన దుడ్డు నీ ఖాతాకు వేయిస్తా, తీసియ్యి" అన్నాడు. రెండుసార్లు తీసిచ్చాను, మూడోది ఖాతాలోనే ఉంది. ఎవరు వేశారని అడగలేదు. మేనల్లుణ్ణి ఎలా అడుగుతాం? అది ఎవరో రిటైరైన టీచరమ్మను ఫోన్లో బెదిరించి లాక్కున్న డబ్బట. ఆమె ఫిర్యాదు ఇచ్చింది, నా ఖాతా ఆగిపోయింది, చంద్ర కనిపించకుండా పోయాడు. మావాళ్ల కూలీ కూడా అందులోనే చిక్కుకుంది.

బ్యాంకుకు పోతే పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు, పోలీసులు బ్యాంకు కాగితం తెమ్మన్నారు. ఇక్కడి చిరునామాకు రుజువు అడిగారు. రేకుల షెడ్డుకు కరెంటు బిల్లు ఎక్కణ్ణుంచి తేను? వేలిముద్ర వేయమంటే, సిమెంటుకు అరిగిన వేళ్లు మిషనుకు అందలేదు. పూటల తరబడి పని మానుకుని వానలో తిరిగాను.

వీటన్నిటికంటే మావాళ్లలో ఒకడైన ఓబులేసు మాట ఎక్కువ పొడిచింది. "ఏమప్పా మేస్త్రీ, బ్యాంకు మింగిందా, నువ్వు మింగినావా?" అన్నాడు, అందరి ముందర. మాతో సిమెంటు మోసే గంగమ్మ ఊరుకోలేదు. "ఆయప్ప మింగింటే ఆ తెగిన చెప్పులకు పిన్నీసు పెట్టుకుంటాడా?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ మాట మన ఊరిదాకా పాకిందని విన్నప్పుడు రెండు రోజులు తాపీ పట్టలేదు.

చివరికి బ్యాంకులో ఒక ఆఫీసరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. కన్నడమ్మాయి, తెలుగు బాగానే వస్తుంది. "తాతా, కూలీ సంబళం పదిమందిది, ఖాతా నీ ఒక్కనిది. దుడ్డు వస్తానే తీసేస్తా ఉండావు. దొంగ దుడ్డు దాటించేవాళ్లూ ఇట్లే చేస్తారు. మాకు తేడా ఎట్ల తెలియల్ల?"

"నలభై ఏండ్లుగా గోడలు కట్టేవాణ్ణమ్మా" అన్నాను కోపంగా.

"సరే, ఎవరి దుడ్డో వాళ్లనే పిలుచుకొని రా" అంది.

తొమ్మిదిమందీ ఒక పూట కూలీ వదులుకుని రావాలి. వస్తారనుకోలేదు. సోమవారం పొద్దున చూస్తే గంగమ్మ అందరినీ లాక్కొచ్చి బ్యాంకు మెట్ల మీద కూర్చోబెట్టింది. ఒక్కొక్కరే వెళ్లి, ఏ వారం ఏ పని చేశారో చెప్పి సంతకాలు పెట్టారు. కూలీ తానే వేశానని కాంట్రాక్టరు ఉత్తరం ఇచ్చాడు, చంద్ర సంగతంతా నేను రాసిచ్చాను. ఆఫీసరమ్మ వాటిని పోలీసులకు పంపింది. వాళ్ల దగ్గర్నుంచి కబురు వచ్చేసరికి ఇంకో పది రోజులు పట్టింది. ఇవాళ ఖాతా వదిలారు. టీచరమ్మ డబ్బు మాత్రం ఆపే ఉంచారు, అది ఆమెకే చేరాలి. మావాళ్లందరికీ సొంత ఖాతాలు కూడా తెరిపించారు. ఓబులేసు తన పాసుపుస్తకం మీద పేరు నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత "పా మేస్త్రీ, టీ తాగుదాం" అన్నాడు. డబ్బు వాడే ఇచ్చాడు.

అల్లుడుగారికి చెప్పు, ఎంత దగ్గరివాళ్లు అడిగినా ఖాతా ఇవ్వద్దని. ఎవరైనా వస్తుంటే కాస్త కందిపొడి పంపు.

మీ అందరి మేలు కోరే,
నాన్న

ఇది చదవగానే అమ్మకు చెప్పు. మీ మామగారికి నా నమస్కారాలతో చెప్పు. "ఈ వయసులో ఇదేం బుద్ధి" అన్న మద్దిలేటి బావకు గట్టిగా చెప్పు. రామాంజనేయులు చిన్నాన్నకు, పెద్దక్కకు చెప్పు. కడపలో ఉన్న మీ పిన్నికి ఫోన్ చెయ్యి. చివరగా సుబ్బమ్మత్త ఇంటికి నువ్వే వెళ్లు. చంద్ర కోసం పోలీసులు అడుగుతున్నారు. ఆమెకు మాత్రం సంతోషంగా చెప్పకు, కాసేపు పక్కన కూర్చుని చెప్పు.