అమ్మ విరిచిన కొమ్ము

ఆదివారం

నాకు ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఇవాళ అమ్మను హైవే మీద కొత్తగా తెరిచిన పెద్ద రెస్టారెంటుకు తీసుకెళ్లాను. గోదాములో పసుపు కొమ్ములు ఏరి ఏరి పచ్చబడిన వేళ్లను ఆటోలో దారంతా కొంగులో దాచుకుంటూనే ఉంది. అక్కడ ఎవరైనా ఆమెను చిన్నచూపు చూస్తే? నా భయమంతా అదే.

నల్లరాతి పళ్లెంలో మూడే మూడు పనీరు ముక్కలు వచ్చాయి, పైన పసుపు నురుగు.

"గిది తినాల్నా, సూస్కుంట కూసోవాల్నా బిడ్డా?" అంది అమ్మ. నవ్వు ఆపుకోలేకపోయాను.

అంతలో బల్ల మీది గాజుగిన్నెలోంచి ఒక పసుపు కొమ్ము తీసి, గోదాములో చేసినట్టే టక్కున విరిచేసింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

"అమ్మా, అవి షోకు కోసం పెట్టిండ్రే!" అన్నాను గొంతు తగ్గించి.

అది చూసి పెద్ద వంటాయన నేరుగా మా దగ్గరికే వచ్చాడు. అమ్మ తగ్గలేదు.

"అన్నా, గీ కొమ్మును ఎండబెట్టక ముందు సరిగ ఉడకబెట్టలే. లోపల జూడు, రంగే లేదు. నురుగుల గూడ గిదే ఏసిండ్రా?"

ఆయన విరిగిన కొమ్ము వాసన చూశాడు. "నాకు తెల్వనే లేదక్కా. మంచిది ఎట్ల గుర్తు పట్టాలె?" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

కొమ్ము విరిగినప్పుడు నేను ముందు చూసింది అమ్మను కాదు, పక్క బల్లను. అది తలుచుకుంటే ఇంకా సిగ్గుగానే ఉంది. అమ్మ మాత్రం ఫోన్లో పిన్నికి చెబుతోంది: "బిడ్డ తినిపిస్తనని తీస్కపోయింది, నేను ఆల్లకు పాఠం జెప్పొచ్చిన!"