శిఖంలో హద్దురాళ్లు

కోరుట్ల
శుక్రవారం

మన సృజన నాయనకు,

ఇక్కడ అందరం బాగున్నాం. మస్కట్‌లో ఎండలని తిండి మానకు. ఈ మాట ఫోన్‌లో చెప్పలేను. బూత్‌లో వెనక నిలబడ్డవాళ్లంతా వింటారు.

మామ మీద నాకు అనుమానంగా ఉంది. వానలు బాగానే పడ్డాయి, వాగు వస్తోంది, చెరువు మాత్రం నిండడం లేదు. నీళ్లు నిలవాల్సిన శిఖంలో రాజం ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. అతని హద్దురాళ్లు పొడిగా నిలబడి ఉన్నాయి. చెరువు నీళ్లు వదిలే నీరటి పని మామది. తొలివానకే తూముకు వరిగడ్డి, బంకమట్టి కూరి మూసేవాడు, రైతులు చెప్తేనే తీసేవాడు. ఈసారీ మూసే ఉందంటాడు. మరి కాలువలో ఆ పారకం ఎక్కడిది?

మొన్న రైతు ఆగయ్య వాకిట్లోకి వచ్చి, "ఏం సామేలు, చెరువు ఊరిదా, రాజందా? ఈసారి చెరువు నిండి మత్తడి దుంకకపోతె వేరే నీరటిని సూసుకుంటం" అన్నాడు. మామ చుట్ట వెలిగించుకున్నాడు. "నాట్లు లేక నేను భీవండికి కూలికి పోతెగని నీ నోరు లేవదా?" అని అత్త అడిగింది. మామ తువాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. రాజం బండి రెండుసార్లు మన ఇంటి ముందు ఆగింది. నన్ను చూడగానే ఇద్దరూ మాట ఆపారు.

మీ నాయనను నువ్వే అడుగు. నీకైతే అబద్ధం చెప్పడు.

సుజాత

కోరుట్ల
ఆదివారం

సృజన నాయనకు,

మూడు వారాలైనా నీ జవాబు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది.

బుధవారం సాయంత్రం మామ వెనకాలే కట్ట మీదికి పోయాను. తూములోంచి పీకిన గడ్డి పక్కనే పడి ఉంది. "రాజం ఏమిచ్చిండు మామా?" అన్నాను.

"రాజం ఏమియ్యలే బిడ్డా. ఆని సెల్‌ఫోన్ల నీ పెనిమిటి మాట్లాడిండు. మూడో వరుసల ప్లాటు కొన్నడట. ఇల్లు లేసేదాక నీళ్లు రానియ్యకు బాపూ అన్నడు. నీకు చెప్పద్దన్నడు."

నమ్మలేదు. శిఖంలోకి దిగి చూశాను. రాయి మీద ఎర్రరంగుతో నీ పేరుంది.

తిరిగొచ్చి గడ్డి ఏరి తూములో కూరడం మొదలుపెట్టాను. మామ వద్దనలేదు. కాసేపు చూసి, "గట్ల కాదు, మట్టి తడిపి పెట్టు. లేకుంటె పొద్దటికి కొట్టుకపోతది" అన్నాడు. తర్వాత తానే దిగాడు.

నిన్న మొదటి వరుస రాళ్లు మునిగాయి. వాన ఇట్లాగే ఉంటే నీ రాయి కూడా మునుగుతుంది. తూము మూసింది సుజాత అని రాజంకు నువ్వే చెప్పు. కొత్త ఇంటి కోసమే ఇంకో రెండేళ్లు అక్కడ ఉంటానన్నావు. ఇక ఉండే పని లేదు. వస్తే పాత ఇంట్లోకే రా. వచ్చేముందు, నాకు తెలియకుండా ఇంకా ఏమేం కొన్నావో రాయి.

సుజాత