నాన్న కొమ్ము అప్పగించాక

హామో అన్నకు,

చర్చి గుమాస్తా చేత ఇది రాయిస్తున్నాను. నిలబడే చెబుతున్నాను, ఎవరు ఎప్పుడొచ్చి తలుపు బాదుతారో తెలియదు.

నాన్న పోయాక ఊరివాళ్ళు ఆయన స్థానంలో వైమండ్‌ను హేవర్డ్‌గా ఎన్నుకున్నారు. చేలో పడ్డ పశువులను తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టే పని ఇక అతనిది. నాన్న ఊదే కొమ్ము కూడా అతని చేతిలో పెట్టేశాను. అయినా ఇవాళ తెల్లవారకముందే గునిల్డ్ పిన్ని మన గుమ్మంలో నిలబడి అరిచింది.

"ఏమే హేవర్డ్ పిల్లా, బార్లీలో గొర్రెలు పడ్డాయి! ఇంకా పడుకున్నావా?"

"వైమండ్‌ను లేపు పిన్నీ, ఆ పని ఇప్పుడు అతనిది."

"పని ఎవరిదైతే నాకేం? ఆ పేరు మీ ఇంటిదే కదా. లే ముందు!"

తిట్టుకుంటూనే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. గొర్రెలన్నిటినీ నేను తోలేశాక వైమండ్ కొమ్ము పట్టుకుని తాపీగా వచ్చాడు. పోయిన వారం మన ఆవే చేలో పడితే, "కంచే చేను మేసిందర్రా!" అని ఊరంతా నవ్వింది.

నువ్వుండే కోవెంట్రీ పట్నంలో ఈ పేరు ఉండదు కదా, నీ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఉన్ని బండి తోలే రాల్ఫ్ అక్కడ నీకోసం వాకబు చేశాడట. హామో అంటే ఎవరికీ తెలియలేదట. హేవర్డ్ అనగానే అద్దకంవాళ్ళ వీధిలో నీ ఇల్లు చూపించారట. మొన్న పుట్టిన నీ కొడుకునూ అలాగే పిలుస్తున్నారట.

ఆ వీధిలో చేలు లేవు, గొర్రెలు లేవు. ఒక్క మాట నిజం చెప్పు అన్నా. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే నువ్వూ ఉలిక్కిపడి లేస్తున్నావా?

నీ చెల్లెలు