పక్కవాడి సైకిలుకు పనికొచ్చే సంచి

టాటీబంధ్, రాయపూర్
బుధవారం

సుగుణక్కకు,

వీరేంద్ర చేసింది అన్యాయం. పోట్లాటతో మొదలుపెట్టానని కోప్పడకు, ఇవిగో వందనాలు. అమ్మా నేనూ కులాసా. జగదల్‌పూర్ ఆసుపత్రిలో నీకు నైట్ డ్యూటీలు తగ్గాయని అమ్మ సంబరపడింది.

మొన్న ఆదివారం మా సైకిల్ గ్రూపు నయా రాయపూర్ వెళ్ళింది. అంతంత రోడ్లు, పంక్చర్ దుకాణం ఒక్కటీ లేదు. అక్కడ మన పక్కింటి పున్నయ్య బాబాయ్ వెనక టైరులో ముల్లు దిగింది. నాన్న ఉన్నప్పుడు నాన్నతో కలిసి బాబాయ్ ఫ్యాక్టరీకి తొక్కిన సైకిలే అది. గ్రూపుకు పెద్ద వీరేంద్ర. కాలు కూడా కింద పెట్టలేదు. "అప్నా కిట్, అప్నీ జిమ్మేదారీ" అంటూ, ఎవరి కిట్ బాధ్యత వాళ్ళదేనని తేల్చేసి వెళ్ళిపోయాడు. అతని వెనక అందరూ పోయారు.

"నువ్వూ పోరా, నేను ఆరామ్‌సే నడిచొస్తాను" అన్నాడు బాబాయ్.

"నువ్వు నడిస్తే నేనూ నడుస్తా."

"ఏటి, ఊరేగింపా?"

కూరగాయల టెంపో ఒకటి ఎక్కించుకునేదాకా ఎండలో తోసుకుంటూనే వచ్చాం. ఆ సాయంత్రం వీరేంద్ర ఇంటికి వెళ్ళి, "కలిసి బయలుదేరినవాళ్ళు కలిసే తిరిగి రావాలి!" అని వీధంతా వినేలా అరిచి గ్రూపు వదిలేశాను.

రైడ్లకు వెంట ఉంచుకోవడానికి ఆ మడత పనిముట్ల కిట్ కొని పంపనా అని రాశావు. వద్దక్కా. దుకాణంలో చూశాను. తళతళలాడుతుంది, జేబులో పడుతుంది. కానీ దాని పంపు బాబాయ్ సైకిలు వాల్వ్‌కు పట్టదు. ఆయన చక్రాలకున్న నట్లు విప్పడానికి అందులో ఒక్క స్పానరూ లేదు. అది వీరేంద్ర లాంటివాళ్ళ సైకిలు కోసం చేసింది. నేను గుడ్డసంచి కుట్టించాను. పాత నట్లకు సరిపోయే స్పానర్, వాల్వ్ ట్యూబు, గరుకు కాగితం, అతుకులకు రబ్బరు ముక్కలు, సొల్యూషన్, చిన్న పంపు. టైరు ఊడదీయడానికి నాన్న లాగే రెండు స్టీలు చెంచాలు అడిగితే, "మీ నాన్న పట్టుకెళ్ళినవే ఇంకా తిరిగి రాలేదు" అంది అమ్మ. కాసేపటికి తనే తెచ్చిచ్చింది.

అభన్‌పూర్ రోడ్డు గుర్తుందా? నాన్న సైకిలు కడ్డీ మీద నేను, వెనక నీ సైకిలు. పంక్చరైతే నాన్న నీడ చూసుకుని కూర్చుని, "ఒలమ్మీ, నువ్వు కానీ" అనేవాడు. నీళ్ళు దొరకకపోతే నువ్వు కళ్ళు మూసుకుని, ట్యూబును చెంపకు ఆనించుకుంటూ గాలి ఎక్కడ తగులుతుందో వెతికేదానివి. నేను లారీలకు చెయ్యి ఊపుతూ ఉండేవాణ్ణి. సొల్యూషన్ మూత తీస్తే ఇప్పటికీ ఆ మధ్యాహ్నాలే ముక్కుకు తగులుతాయి.

ఇక ఇంతసేపూ దాచిన మాట. బాబాయ్, ఆయన కూతురు పూర్ణిమ, ఇంకో నలుగురు ఈ ఆదివారం నాతో నయా రాయపూర్ వస్తున్నారు. "ఎవరికి పంక్చరైనా నేనున్నాను" అని మాటిచ్చాను. నాకు పంక్చర్ వేయడం రాదక్కా. పెరట్లో పాత ట్యూబు మీద ఎన్నిసార్లు వేసినా గాలి కొట్టగానే అతుకు లేచిపోతోంది. పూర్ణిమ గోడ మీంచి చూసి, "నాయకుడు గారూ, నడవడానికి మంచి చెప్పులు వేసుకు రమ్మంటారా?" అంది. బాబాయ్ మళ్ళీ నడిస్తే వీరేంద్ర మాటే గెలుస్తుంది.

శనివారం పొద్దున బస్సెక్కి రా. నీ సైకిలుకు నూనె వేసి ఉంచాను. ఆదివారం ఉదయం ఆరింటికి టాటీబంధ్ చౌక్‌లో అందరం చేరుతున్నాం. నువ్వు వచ్చేదాకా బయలుదేరం.

ఇట్లు,
నువ్వు పని చేస్తుంటే పక్కన కబుర్లు చెప్పిన తమ్ముడు,
స్టీఫెన్