వీపుకి ఆధారమేదీ?

సంత కమిటీలో బట్టలు తనిఖీ చేసే ఎస్కిల్ గారికి,
లింగ్‌హోల్మ్ నుంచి టీరా రాస్తున్నాను. ఆనాటి బట్టల్లో వస్తేనే లోపలికి వదిలే మన పాతకాలపు సంతలోకి ఈ వేసవి నన్నూ రానివ్వండి. వెయ్యేళ్ళ కిందటి ఆడవాళ్ళ ఉన్ని గౌను రెండు చలికాలాలు కూర్చుని నేశాను. ఫొటో పెట్టాను. వద్దన్నారంటే ఏడుస్తాను, ముందే చెబుతున్నా.
ఆశపడుతున్న టీరా
తా.క. ఆ కాలంలో లేదని రుమాలుకి జేబు కూడా పెట్టలేదు. ముక్కు కారితే మీదే బాధ్యత.

టీరా గారికి,
మన ఊరి పాత సమాధుల్లో దొరికిన గుడ్డే ఆధారం, మిగతాది ఊహ. ఇదీ నియమం. మట్టిలో గుడ్డంతా చివికిపోయింది. ఆడవాళ్ళ ఛాతీ మీది కంచు పిన్నుల కింద, చిలుము పట్టిన చోట మాత్రం వేలెడు ముక్కలు మిగిలాయి. కాబట్టి మీ గౌను ముందువైపు సరే. వీపుకి ఆధారం లేదు. రానివ్వం.
నియమం తప్పని ఎస్కిల్
తా.క. కుట్టు బాగుంది. ఇది కమిటీ మాట కాదు.

అబ్బాయి ఎస్కిల్,
అంటే ఆ తల్లులు మన చలిలో వీపు గాలికొదిలేసి తిరిగారా? సరే, వెనకవైపు కత్తిరించేసి వస్తాను. గేటు దగ్గర నీ పక్కనే నిలబడతాను. మీ ఆవిడకి నువ్వే చెప్పుకో.
ఒళ్ళు మండిన టీరా
తా.క. ఇంతకీ నీ ప్యాంటు ఏ సమాధిలో దొరికింది? మగాళ్ళు పిన్నులు పెట్టుకోలేదుగా?

టీరా గారికి,
మీ తా.క. చదివి తవ్వకాల రిపోర్టులన్నీ తిరగేశాను. మగవాళ్ళ సమాధుల్లో కత్తులున్నాయి, దువ్వెనలున్నాయి. గుడ్డ పోగు కూడా లేదు. సంతకి డోలు కొట్టాల్సింది నేనే. నియమం రాసిందీ నేనే. మార్చమని అడిగితే కమిటీ వాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. మన ఊళ్ళో ఆధారం ఉన్న బట్ట మీ గౌనొక్కటే. మీ వీపుకి అనుమతి ఇచ్చేశాను. నాకూ ఒకటి కుట్టిపెడతారా? పరువు మీ చేతిలో ఉంది.
తల దించుకున్న ఎస్కిల్
తా.క. నడుం దగ్గర కాస్త వదులుగా.

ఎస్కిల్ నాయనా,
సంతలో నేను దర్జాగా తిరిగాను. నువ్వు గౌనులో డోలు కొట్టడం ఊరంతా చూసింది. పట్నం మ్యూజియం ఆయనా చూశాడు. ఏం అనుకున్నాడో ఏమో, నీ ఫొటో గోడకెక్కించి కింద ‘ఆనాటి మగవారి వేషం’ అని రాయించాడట. ఇంకేం, మీ కమిటీకి ఆధారం దొరికింది. వచ్చే వేసవి నుంచి మగాళ్ళందరికీ గౌనే. పొద్దున్నుంచి మా గుమ్మంలో ఊరి మగాళ్ళు కొలతలివ్వడానికి వరస కట్టారు. నిన్ను తిట్టని నోరు లేదు.
చేతినిండా పనిలో ఉన్న టీరా
తా.క. ఉన్ని దురద పెడుతోందని గోలపెట్టావట. మేం తరతరాలుగా గోక్కున్నాం. నువ్వూ గోక్కో.